శబ్దం తీసేసిన పాఠాలు

"ఇంటి పనే గద పిల్లా. ఈడ చేసేదే ఆడ చేస్తవ్" అంది మా అత్తమ్మ రాములవ్వ.

నేనప్పుడు తునికాకు కట్టలు విప్పి బకెట్లో తడుపుతున్నాను. బీడీలకు ఆకు ముందే తడిపి గోనెసంచిలో చుట్టి పెట్టుకోవాలి, లేకపోతే కత్తెర కింద విరిగిపోతుంది. చేతులు నీళ్లలో ఉన్నప్పుడు చెప్పిన మాటకు కోడలు జవాబు చెప్పదని అత్తమ్మకు తెలుసు. ఈ ఇంట్లో పెద్ద సంగతులన్నీ నా చేతులు తడిగా ఉన్నప్పుడే నాకు తెలిశాయి. నా బిడ్డను బడిలో వేసిన సంగతి, ఇంటి వెనక జాగా అమ్మిన సంగతి, ఇప్పుడు నేను సౌదీ పోతున్న సంగతి.

సౌదీ అనే మాట అప్పటిదాకా మా ఆయన మధుకర్‌ది. కోరుట్ల పక్కన మా ఊళ్లో ప్రతి ఇంటికీ ఒక దేశం ఉంటుంది. దారి అడిగితే మస్కట్ నర్సయ్య ఇల్లు, దుబాయ్ రామస్వామి ఇల్లు అని చూపిస్తారు. మాది సౌదీ ఇల్లు. మధుకర్ పనిచేసే దమ్మాం కంపెనీ మూతపడింది. వేరే కంపెనీకి మారడానికి వాళ్లు కాగితం ఇవ్వడం లేదు. కోరుట్ల వాళ్లు, మెట్‌పల్లి వాళ్లు కలిసి ఒకే గదిలో, వంతుల వారీగా పడుకుంటున్నారట. వట్టి చేతులతో రానని ఆయన మొండిగా ఉన్నాడు. ఇంటికి ఒకరు అక్కడ ఉండాల్సిందే అన్నది మా ఊళ్లో ఎవరూ పైకి అనని నియమం. ఒకరి చోటు ఖాళీ అయితే ఇంకొకరు నింపాలి.

"మొగోళ్లకు పనుల్లేవ్, ఆడోళ్లకున్నయ్" అన్నాడు ఫోన్లో. రియాద్‌లో ఒక ఇంట్లో మనిషి కావాలట. "నువ్వు జరన్ని దినాలు చేసి రా. నేను ఇంటికాడ ఉండి బిడ్డను జూస్కుంట."

పోయినసారి సెలవుకు వచ్చినప్పుడు బిడ్డ ఆయన్ను చూసి తలుపు వెనక దాక్కుంది. ఫోన్ల బాపు ఫోన్ల నుంచి ఎట్ల వచ్చిండని నన్ను అడిగింది. ఆ మాటకు అందరం నవ్వాం. మధుకర్ కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

ఇళ్లలో పనికి పోయే ఆడవాళ్లకు ముప్పై ఏళ్లు నిండాలట. నాకు ఇంకొన్ని వారాలు తక్కువ. అత్తమ్మ నా ఆధార్ కార్డు పట్టుకుపోయి పక్కింటి వాళ్లతో తేదీ చదివించుకుని వచ్చింది. ఈ ఇంటికి వచ్చాక నా పుట్టినరోజు కోసం ఎవరైనా ఎదురుచూడడం అదే మొదటిసారి.

ఆ తేదీ దాటిన వెంటనే జగిత్యాలలో ఏజెంటు మహిపాల్ దగ్గరికి పోయాం. బస్టాండు దగ్గర మెట్లు ఎక్కి పోతే చిన్న ఆఫీసు, గోడ మీద విమానం బొమ్మ. ఆయన చెడ్డవాడేం కాదు, చాయ్ తెప్పించాడు, నన్ను చెల్లె అన్నాడు. ఆ ఇంటి మేడం వీడియోలో చూసి, నాలుగు మాటలు మాట్లాడి, నచ్చితేనే వీసా పంపుతుందన్నాడు. కొంచెం అరబీ వస్తే మంచిదని నా ఫోన్లో ఒక కోర్సు పెట్టించాడు. ఆన్‌లైన్‌లోనే, ఎవరికి వాళ్లు నేర్చుకునేది.

"మొదటి భాగం ఇంటే సాలు" అన్నాడు. "నీకు అర్థం గావాలె గని, మాట్లాడుడు నీకెందుకు చెల్లె?"

కోర్సు తెరవగానే పైన తెలుగులో ఒక వాక్యం ఉండేది: మీ వీలును బట్టి, మీ వేగంతో నేర్చుకోండి. నేను ఆ వాక్యం దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. నాకంటూ ఒక వేగం ఉందని నాకు తెలియదు. అన్నం అత్తమ్మ ఆకలి వేగంతో ఉడుకుతుంది. బీడీలు కార్ఖానా మూసే వేగంతో పూర్తవ్వాలి. మధుకర్ ఫోన్ ఆయన తీరిక చూసుకుని వస్తుంది, ఆ టైముకు నేను స్నానంలో ఉంటే 'ఎటు పోయినవ్' అనే మాటతో మొదలవుతుంది. కానీ ఈ పాఠం అలా కాదు. నేను వేలు పెట్టి ఆపితే ఆగేది. తలకు గుడ్డ కట్టుకున్న ఆ పంతులమ్మ సగం మాటలో, సగం తెరిచిన నోటితో, నేను పొయ్యి దగ్గరికి పోయి వచ్చేదాకా, బిడ్డకు జడ వేసి వచ్చేదాకా, విసుక్కోకుండా నాకోసం అలాగే చూస్తూ ఉండేది. నాకోసం అంతసేపు ఆగిన మనిషి ఇంకొకరు నాకు గుర్తులేరు.

బీడీల చాట ఒళ్లో పెట్టుకుని, ఫోను తంబాకు డబ్బాకు ఆనించి చూసేదాన్ని. మొదట్లో చెవుల్లో వైర్లు పెట్టుకున్నాను. అత్తమ్మ ఊరుకోలేదు.

"చెవులల్ల గవి పెట్టుకుంటే నేను పిలిస్తె నీకు ఇనబడుతదా?"

వైర్లు తీసేసి పైకి పెడితే, ఇంట్లో ఆ గొణుగుడు ఏంది, నాకు తలకాయ నొస్తుంది అంది. నేర్చుకోమని తొందరపెట్టేదీ ఆమే. అందుకని శబ్దం పూర్తిగా తీసేశాను. నాకది కష్టమనిపించలేదు. ఎందుకంటే నేను సాంచాల మధ్య పెరిగినదాన్ని.

మా బాపు గంగారాం తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. మాది చందుర్తి దగ్గర ఊరు. నేను చదివిన నాలుగు అక్షరాలూ అక్కడి బడిలోవే. కల్లు గిరాకీ తగ్గి, ఒకసారి చెట్టు మీంచి జారి నడుం పట్టేశాక, మమ్మల్ని తీసుకుని సిరిసిల్లకు వచ్చి సాంచాల మీద కూలికి చేరాడు. సాంచాలంటే మరమగ్గాలు. ఒక రేకుల షెడ్డులో అవన్నీ ఒకేసారి ఆడుతుంటే చెవిలో నోరు పెట్టి అరిచినా వినిపించదు. అక్కడ పనిచేసే వాళ్లు అరవరు. ఎదురుగా ముఖం పెట్టి పెదవులు మాత్రం కదుపుతారు. నూలు కండెలు అయిపోయాయని, చాయ్ తాగుదామని, నీ కొడుకు నిన్న తాగి పడ్డాడని, అన్నీ శబ్దం లేకుండానే చెప్పుకుంటారు, నవ్వుకుంటారు, తిట్టుకుంటారు. బాపుకు సద్దిగిన్నెలో అన్నం పట్టుకుపోయి పోయి నాకూ అది వచ్చేసింది. ఆ భాషలో ఎవరితోనైనా మాట్లాడడం ఇష్టం లేకపోతే ముఖం తిప్పుకుంటే చాలు.

అట్లా అరబీని కూడా పంతులమ్మ పెదవుల మీంచే నేర్చుకోవడం మొదలుపెట్టాను. కింద తెలుగులో రాసి ఉండేది, పైన పెదవులు కదిలేవి, నా పెదవులు వాటి వెనకే కదిలేవి. జీబీ అంటే తీసుకురా. నజ్జిఫీ అంటే తుడువు. ఇగ్సిలీ అంటే కడుగు. తఆలీ అంటే ఇటు రా. ప్రతి మాటకూ తెలుగు నాకు అత్తమ్మ గొంతుతోనే వినిపించేది కాబట్టి గుర్తుపెట్టుకోవడం తేలికైంది. వీటన్నిటికీ నేను చెప్పాల్సిన జవాబు ఒకటే ఉంది. హాదిర్. అంటే, చిత్తం, సిద్ధంగా ఉన్నాను.

మొదటి భాగం అయిపోయాక ఏదో తక్కువైనట్టనిపించి మళ్లీ మొదటినుంచి చూశాను. అందులో రావడం ఉంది, పోవడం ఉంది, పిల్లలు, గిన్నెలు, ఇస్త్రీ ఉన్నాయి. నాకు జ్వరమొచ్చిందని చెప్పే మాట లేదు. ఆకలైందని చెప్పే మాట లేదు. నేను అనే మాటే లేదు.

మహిపాల్ వద్దన్న రెండో భాగం తెరిచాను. ఎవరికీ చెప్పలేదు. అందులో మొట్టమొదటి మాట అనా. నేను. అనా జూఆనా, నాకు ఆకలిగా ఉంది. అనా తఅబానా, నేను అలసిపోయాను. ఆ రోజు బీడీలు చుడుతూ ఆ రెండు మాటలే పెదవులతో అనుకున్నాను. అవి తెలుగులో కూడా ఎవరితోనూ ఎప్పుడూ అన్నట్టు గుర్తులేదు.

కొన్నాళ్లకు మధుకర్ ఫోన్లో నవ్వుతూనే అడిగాడు. "ఏందట, నీల నువ్వే మాట్లాడుకుంటున్నవట? అమ్మ పరేషానైతాంది, కోడలికేమన్న పట్టిందా అని."

పాఠం చదువుతున్నానని చెప్పాను. ఎంతవరకు వచ్చిందని అడిగాడు. అర్థమవుతోందన్నాను. సాలు అన్నాడు. తర్వాత గొంతు మారింది. గదిలో ఇద్దరు ఊరికి వెళ్లిపోయారని, మిగిలినవాళ్లు అద్దె పంచుకోవాల్సి వస్తోందని, మేడం ముందు కాస్త నవ్వు ముఖంతో కూర్చోమని చెప్పాడు. ఆ వారం నా బీడీలకు దారం వదులైపోయి కార్ఖానాలో ఎక్కువ భాగం తీసి పక్కన పారేశారు. అత్తమ్మ ఎట్లాగూ పోయేదే కదా అన్నట్టు చూసింది.

నాకు పోవాలని లేదని అప్పుడు ఎవరైనా అంటే నేనే ఒప్పుకునేదాన్ని కాదు. కొన్నిసార్లు పోవాలనే ఉండేది. ఇక్కడ చేసేదే అక్కడ చేస్తే జీతం వస్తుంది, నా పేరు మీద వస్తుంది. ఇంతకాలం ఇక్కడ ఊడ్చిన వాకిలికి, కడిగిన గిన్నెలకు, అత్తమ్మ కాళ్లకు రాసిన నూనెకు అసలు ఒక ధర ఉందని నాకు చెప్పింది సౌదీనే. ఆ ఆలోచన వచ్చినప్పుడు మనసు తేలికయ్యేది. వెంటనే బిడ్డ గుర్తొచ్చేది. నన్ను కూడా 'ఫోన్ల అమ్మ' అంటుంది, దానికేం తెలుసు. నేను పోనంటే మధుకర్ ఆ గదిలోనే వంతు కోసం ఎదురుచూస్తూ ఉంటాడు. ఈ మూడూ చాటలోని ఆకుల్లా ఒకదాని మీద ఒకటి పడుతుండేవి, ఏదీ పైకి తీయలేకపోయేదాన్ని.

మా గోడ అవతల సయీదా బేగం ఉంటుంది. నేను చిన్నమ్మా అంటాను. జిద్దాలో ఒక ఇంట్లో చాలా ఏళ్లు పనిచేసి, మోకాళ్లు అరిగిపోయాక వచ్చేసింది. ఇప్పుడు బీడీలు చేస్తుంది, వాడకట్టు పిల్లలకు ఖురాన్ అక్షరాలు చెబుతుంది. ఒకరోజు అత్తమ్మ పెళ్లికి పోయినప్పుడు నా చాట తీసుకుని ఆమె అరుగు మీదికి వెళ్లాను. నేర్చుకున్నదంతా అప్పచెబుతానన్నాను. మొదటిసారి గొంతుతో అన్నాను. నాకే కొత్తగా, సన్నగా వినిపించింది.

సయీదా చిన్నమ్మ కత్తెర పక్కన పెట్టి విన్నది. "మల్ల అను" అంది. మళ్లీ అన్నాను. "గిది ఏడ నేర్చినవ్ బిడ్డా? పెదవులు మంచిగనే తిరుగుతున్నయ్. గొంతే లేదు."

శబ్దం తీసేసి చూశానని చెబితే నవ్వింది. నవ్వి, నా గొంతు మీద వేలు పెట్టి చూపించింది. ఆ భాషలో సగం అక్షరాలు పెదవుల మీద ఉండవట. నాలుక వెనక, ఇంకా కింద, మింగేచోట ఉంటాయట. అవి ఎదుటి మనిషి ముఖం చూస్తే కనబడవు. 'మా అబ్గా' అని చెప్పించింది. అంటే నాకొద్దు, నాకిష్టం లేదు. 'మా' కనిపిస్తుంది, పెదవులు కలిసినప్పుడు 'బ' కనిపిస్తుంది, దాని తర్వాతది కనిపించదు. నేను ఎన్నిసార్లు అన్నా ఆ అక్షరం దగ్గర నా మాట జారిపోయింది.

"గది లోపట్నించి రావాలె. సిగ్గుపడితే రాదు" అంది.

అక్కడెలా ఉంటుందని అడిగాను. చాట ముందుకు లాక్కుని, ఆకు చుడుతూ చెప్పింది. మంచివాళ్లే. జీతం ఆపలేదు. పండక్కి బట్టలు పెట్టారు. వంటింటి పక్కన గది ఇచ్చారు. ఆమెకంటే ముందు ఆ ఇంట్లో మేరీ అని ఒకామె పనిచేసిందట. పిల్లలకు ఆ పేరు అలవాటైపోయింది, కొత్త పేరు ఎందుకని ఈమెను కూడా మేరీ అనే పిలిచారు.

"నా పేరు సయీదా అని చెప్పలేదా చిన్నమ్మా?"

"మొదట్ల జెప్పిన. తర్వాత పలుకుడు అలవాటైంది." దారం కొరికి చుట్టింది. "ఇప్పటికి బజార్ల ఎవలన్న మేరీ అంటె తిరిగి జూస్త."

పొమ్మని అనలేదు, వద్దని అనలేదు. ఇంటికి వస్తూ గోడ దగ్గర ఆగి నా పేరు నేను పెదవులతో అనుకున్నాను. స్వరూప. గొంతుతో అనాలంటే అత్తమ్మ లేకపోయినా భయమేసింది.

ఆ తర్వాత ఆ అక్షరం కోసం చోటు వెతుక్కున్నాను. ఇంట్లో వీల్లేదు. కార్ఖానాలో ఆడవాళ్లు నవ్వుతారు. ఊరి బయట ఒక్కదాన్నే నిలబడి గొంతు సవరించుకుంటే నిజంగానే ఏదో పట్టిందంటారు. గొంతెత్తి ఒక్క అక్షరం పలకడానికి ఊరంతటిలో నాకు జాగా దొరకలేదు.

అంతలో మా అమ్మకు కంటి ఆపరేషన్ అని సిరిసిల్ల నుంచి కబురొచ్చింది. కంటికి పొగ తగలకూడదు, బాపుకు వండిపెట్టే మనిషి కావాలి. మేడం ఫోను ఎప్పుడైనా రావచ్చు కదా అని అత్తమ్మ గొణిగింది. ఫోను నా దగ్గరే ఉంటుంది కదా అన్నాను. బిడ్డకు బడి ఉంది కాబట్టి నేను వచ్చేదాకా దాన్ని చూసుకోమన్నాను. "చూస్కోక ఏంజేస్త. ఇగ అలవాటు గావాలె గద" అంది. బస్సులో కూర్చున్నా ఆ మాట నన్ను వదల్లేదు.

బాపుకు సద్ది తీసుకుని షెడ్డుకు వెళ్లాను. వంగి లోపలికి అడుగుపెట్టగానే ఆ చప్పుడు ఒళ్లంతా కమ్ముకుంది. దూది, నూనె కలిసిన వాసన. బాపు రెండు వరసల మధ్య తిరుగుతూ తెగిన పోగులు కలుపుతున్నాడు. నన్ను చూసి పెదవులతో 'వచ్చినవా' అన్నాడు. గోడ వారకు నిలబడ్డాను. ఇక్కడ నేను ఏమన్నా ఎవరికీ వినిపించదని అప్పుడు తట్టింది.

మొదట మెల్లగా అన్నాను. నాకే వినిపించలేదు. ఇంకొంచెం పైకి అన్నాను. అనా. అనా స్వరూప. గోడ వైపు తిరిగి అరిచాను. అనా తఅబానా. మా అబ్గా. గొంతులో మంట పుట్టింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, సాంచాలు ఆడుతూనే ఉన్నాయి. సయీదా చిన్నమ్మ వేలు పెట్టిన చోట ఏదో కదిలింది. పెళ్లయ్యాక అంత గట్టిగా నేను ఏ మాటా అనలేదు. నవ్వొచ్చింది. సద్దిగిన్నె చేత్తో పట్టుకుని గోడను చూస్తూ పిచ్చిదానిలా అరబీలో అరుస్తున్నాను.

తిరిగి చూసేసరికి బాపు నన్నే చూస్తున్నాడు. ఆయనకు వినిపించలేదు, కానీ పెదవులు చదవగలడు. నేనన్నది తెలుగు కాదని తెలిసిపోయింది. సాంచా దాటి దగ్గరకొచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

'ఎవలతోని?' అన్నాడు పెదవులతో.

'ఎవలతోని గాదు' అన్నాను.

చేతికంటిన దూది తుడుచుకుని అడిగాడు. 'నీకు పోవాలెనని ఉన్నదా?'

ఎప్పుడు పోతావ్ అని అడిగినవాళ్లున్నారు. పాస్‌పోర్టు వచ్చిందా, అరబీ వచ్చిందా, బిడ్డ ఎవరి దగ్గర ఉంటుంది అని అడిగినవాళ్లున్నారు. ఇది ఎవరూ అడగలేదు. మధుకర్ అడగలేదు. నన్ను నేను కూడా అడగలేదు. ముఖం తిప్పుకున్నాను. ఆ షెడ్డులో ముఖం తిప్పుకుంటే ఇంక మాట్లాడనని అర్థం. బాపు చేయి కడుక్కోవడానికి పోయాడు.

మరునాడు కూడా వెళ్లాను. సద్దిగిన్నె కింద పెట్టానో లేదో కొంగులో ఫోను వణికింది. మహిపాల్. ఎత్తితే వీడియో. ఆయన ముఖం మూలకు జరిగి, మధ్యలో ఒకామె ముఖం వచ్చింది. బయటికి పోదామని ఒక అడుగు వేశాను, కానీ ఆ వాడలో బయట కూడా ఇదే చప్పుడు. ఆగిపోయాను.

నాకంటే చిన్నదే. భుజం మీద పసిపిల్ల, కళ్ల కింద నలుపు, వెనక ఎవరో ఆమెను పిలుస్తున్నట్టు తలతిప్పి తిప్పి చూస్తోంది. ఆమెను చూస్తే కోపం రాలేదు. నిద్రలేని మనిషి. ఫోన్లోంచి ఆమె గొంతు నాకు వినిపించదు, కానీ పెదవులు కనిపిస్తున్నాయి. నేను నేర్చుకున్నదే అది. వంట వచ్చా అంది. ఐవా అన్నాను. అవును. పిల్లలు? ఐవా. ఇస్త్రీ? ఐవా. తల ఊపుతూ చెబుతుంటే ఆమెకు అర్థమవుతోంది. నా తల దానంతట అదే ఊగుతోంది. ఇంతకాలంగా ఊగినట్టే ఊగుతోంది. ఆమె సంతోషంగా నవ్వింది. పేరు అడిగింది. స్వరూప అన్నాను. చెవి మీద చెయ్యి పెట్టుకుని వినబడలేదంది. పర్లేదు అన్నట్టు చెయ్యి ఊపి, ఆ తర్వాత ఇంకో సంగతి చెప్పింది. తన చేతిలో ఫోను వైపు చూపించి, నా వైపు చూపించి, వేలు అటూ ఇటూ ఆడించింది. మమ్నూ. ఆ మాట రెండో భాగంలో ఉంది. వీల్లేదు.

ఆ ఇంట్లో నా దగ్గర ఫోను ఉండకూడదు. అంటే బిడ్డ గొంతు వీల్లేదు. పాఠాలు వీల్లేదు. నేను ఆపితే ఆగే మనిషి ఇంక ఉండదు. పేరు వినబడకపోయినా పర్లేదు.

నా తల ఊగడం ఆగిపోయింది. పెదవులు కదిలాయి. మా అబ్గా.

ఆమె మళ్లీ చెవి చూపించింది. మహిపాల్ ముఖం పెద్దదైంది. ఫోను చెవికి ఆనించుకుంటే ఆయన అరుపు సన్నగా వినిపించింది. "చెల్లె, మేడంకు ఇనబడతలేదట. గట్టిగ మాట్లాడు, సిగ్గుపడకు."

ఫోను ముఖానికి ఎదురుగా పెట్టుకున్నాను. బాపు చేతిలో పోగు పట్టుకుని చూస్తున్నాడు. అత్తమ్మ, మధుకర్, ఆ గదిలో వంతులు, తలుపు వెనక బిడ్డ, అన్నీ ఒకేసారి గొంతుకు అడ్డం పడ్డాయి. వాటి కింది నుంచి ఊపిరి తీశాను. అనా, అన్నాను. మా, అన్నాను. అప్పుడే కరెంటు పోయింది.

సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. నేను ఆగలేదు.

అబ్గా.

ఆ అక్షరం సరిగ్గా వచ్చింది. రేకులకు తగిలి షెడ్డంతా వినిపించింది. అందరి చేతులూ ఆగి ఉన్నాయి, అందరి ముఖాలూ నా వైపు ఉన్నాయి. ఫోన్లో ఆమె కనుబొమలు పైకి లేచాయి. ఇప్పుడు ఆమె గొంతు కూడా వినిపించింది. అనుకున్నదానికంటే మెత్తగా ఉంది. "లేష్?" అంది. ఎందుకు అని. పసిపిల్ల ఏడుపు మొదలుపెట్టింది. మహిపాల్‌కు అరబీ అంతగా రాదేమో, "ఏమన్నవ్ చెల్లె, మేడం ఏందో అడుగుతాంది, అవునను, అవునను" అంటున్నాడు. అంతలో ఆమె అటు తిరిగింది, ముఖం పోయింది, ఫోను నల్లబడింది.

బాపు దగ్గరికి వచ్చాడు. చప్పుడు లేకపోయినా అలవాటు పోలేదు, పెదవులతోనే అన్నాడు. 'మెల్లగ. అందరు ఇంటున్నరు.'

"ఇననియ్యి బాపు" అన్నాను. నా గొంతు వణికింది, అయినా ఉంది. "నిన్న అడిగినవ్ గద. నాకు పోవాలని లేదు."

ఆయన ముఖం తిప్పుకోలేదు. కింద పెట్టిన సద్దిగిన్నె తీసుకుని మూత విప్పాడు, తినడం మొదలుపెట్టకుండా అలాగే పట్టుకున్నాడు. ఎవరో బయటికి పోయి కరెంటు ఎప్పుడొస్తుందో కనుక్కుంటానన్నారు, కానీ కదల్లేదు.

ఫోను మళ్లీ మోగింది. ఈసారి మధుకర్. ఇంత నిశ్శబ్దంలో ఆ రింగు ఎవరి ఇంట్లోనో గిన్నె పడ్డట్టుంది. కరెంటు వస్తే బాగుండనిపించింది. సాంచాలు మళ్లీ ఆడితే ఈ మాట పెదవుల మీదే చెప్పి తప్పించుకోవచ్చు. కాళ్లు తలుపు వైపు తిరిగాయి. వాటిని వెనక్కి తిప్పుకుని, అందరి మధ్యలోనే నిలబడి ఎత్తాను.

"ఏందట? మహిపాలన్న మేడం ఫోను పెట్టేసిందంటుండు. ఏమన్నవ్ నువ్వు?"

"అరబీల ఒక్క మాటన్న" అన్నాను. "ఇప్పుడు తెలుగుల జెప్త. ఇను."